ఇంటి లెక్కలు: వచ్చిన డబ్బంతా లాభమేనా?

తార్నాకలో మా వీధి ఆడవాళ్ళం నలుగురం రోజూ పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వస్తాం. నడక కన్నా మాటలే ఎక్కువనుకోండి! ఆ మాటల్లోనే మొన్న నా లెక్క తప్పని తేలింది.

2007లో మా అమ్మ పసుపు కుంకుమల కింద ఇచ్చిన డబ్బుతో 170 సత్యం కంప్యూటర్స్ షేర్లు కొన్నాను. ఒక్కోటి 400 చొప్పున 68,000 రూపాయలు. మన హైదరాబాదు కంపెనీ కదా అని ధీమా. 2009 జనవరి 7న కంపెనీ లెక్కలు తప్పుడువని ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. ఆ ఒక్క రోజులోనే షేరు ధర ముప్పాతిక వంతుకు పైగా పడిపోయింది. మా వారు ఒక్క మాట కూడా అనలేదు. నాకే అమ్మ డబ్బు పోగొట్టానన్న బాధ.

2013లో సత్యం టెక్ మహీంద్రాలో కలిసింది. 17 షేర్లకు 2 చొప్పున నాకు 20 వచ్చాయి. 2015లో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు, 40 అయ్యాయి. అప్పుడే పది రూపాయల షేరును ఐదు రూపాయలవి రెండుగా విడగొట్టారు. మొత్తం 80.

2025లో వాటిలో 40 షేర్లు 1,500 చొప్పున అమ్మితే బ్యాంకులో 60,000 పడ్డాయి. మా అబ్బాయి కంప్యూటర్‌లో గ్నూక్యాష్ అని ఉచితంగా దొరికే లెక్కల పుస్తకం పెట్టిచ్చాడు. అందులో ఆదాయం కింద 60,000 రాసేసి, "చూశారా, అమ్మ డబ్బు పోలేదు!" అని మా వారికి గర్వంగా చూపించాను.

ఎదురింటి వదినగారు కామర్సు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. విని నవ్వారు. "అప్పడాలు అమ్మిన డబ్బంతా లాభమేనా? మినప్పప్పు ఖర్చు తియ్యవూ?" అన్నారు.

నిజమే కదండీ! సరేనని సగటు కట్టాను. 68,000ను 80తో భాగిస్తే ఒక్కోటి 850. అమ్మినవాటి ఖరీదు 34,000, లాభం 26,000. వదినగారు దానికీ తల అడ్డంగా ఊపారు. ఇన్‌కం టాక్సుకు సగటు పనికిరాదట. బోనస్ షేరు ఖరీదు సున్నా. అంటే 68,000 అంతా అసలు షేర్లు 40 మీదే, ఒక్కోటి 1,700. డీమాట్‌లో ముందొచ్చినవే ముందు అమ్మినట్టు లెక్క. కాబట్టి నేను అమ్మింది అసలువే. లాభం కాదు, 8,000 నష్టం!

పుస్తకంలో ఇలా రాయాలి: బ్యాంకులోకి 60,000, షేర్ల ఖాతా నుంచి 68,000 బయటికి, తేడా 8,000 నష్టం ఖాతాలోకి. బ్రోకరేజీ ఉంటే విడిగా ఖర్చు. షేర్లు విడిపోయినప్పుడు సంఖ్య మారుతుంది గానీ డబ్బు మారదు. ఇంకా అమ్మని షేరు ధర పెరిగిందని ఆదాయం రాయకూడదు.

ఈ నష్టమూ వృథా కాదు. గడువులోగా రిటర్ను వేస్తే ఎనిమిదేళ్ళ దాకా దీర్ఘకాలిక లాభాల్లోంచి తీసుకోవచ్చు. మిగిలిన 40 బోనస్ షేర్లు 2018 జనవరి 31కి ముందువి గనుక, ఆనాటి అత్యధిక ధర, అమ్మే ధర - రెంటిలో తక్కువదాన్ని ఖరీదుగా చూపొచ్చట. అందుకే పాత కాగితాలు పారెయ్యకండి. నావి బీరువాలో అమ్మ పట్టుచీర కింద దొరికాయి.

ఆ సాయంత్రం 60,000 కొట్టేసి 8,000 నష్టం రాశాను. మా వారు చూసి, "ఇంకా 40 ఉన్నాయిగా. మీ అమ్మ డబ్బు ఎక్కడికీ పోలేదులే" అన్నారు. పదహారేళ్ళ బరువు దిగినట్టయింది.

మరి మీ పుస్తకంలో లాభం అని రాసుకున్నది నిజంగా లాభమేనా? ఒక్కసారి చూసుకోండమ్మా!