మందు కొట్టే వేళ మారాలి

తేనెటీగ అనగానే తేనె గుర్తొస్తుంది, ఆ తర్వాత అది కుట్టడం గుర్తొస్తుంది. పొద్దుతిరుగుడు చేనులో ఈగ వాలకపోతే పువ్వు ఎంత పెద్దదైనా తాలు గింజలే ఎక్కువ మిగులుతాయన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు. గుమ్మడి, దోస, కాకర పిందె పట్టాలన్నా ఈగలు రావాల్సిందే.

ఈ ఈగలకు నేడు రెండు ఆపదలున్నాయి. ఒకటి వర్రోవా అనే నల్లి. ఇది ఈగ ఒంటిని పట్టుకొని పీలుస్తుంది, పట్టులోని పిల్లపురుగుల దగ్గర గుడ్లు పెడుతుంది. తొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టే మన దేశీ ఈగ దీన్ని చాలావరకు తానే కొరికి దులిపేసుకుంటుంది. పెట్టెల్లో పెంచే ఐరోపా ఈగకు ఆ నేర్పు తక్కువ. దానికి నల్లి ఎక్కువగా చేరే పోతుటీగల గదులను కోసి తీసేస్తారు. వాము ఘాటుకు కారణమైన థైమాల్‌ను తగిన మోతాదులో పెట్టెలో ఉంచుతారు.

రెండోది పురుగుమందు. మా దృష్టిలో మన ఊళ్ళకు ఇదే పెద్ద ఆపద. డబ్బా మీద త్రికోణం ఆకుపచ్చగా ఉంటే ప్రమాదం తక్కువని అనుకుంటాం. ఆ రంగు మనుషుల వంటి ప్రాణులకు ఎంత విషమో చెప్పేదే గాని, ఈగల సంగతి చెప్పదు. ఇమిడాక్లోప్రిడ్‌ను ఆరుబయట పొలాల్లో వాడరాదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. మన దగ్గర అది అంగళ్ళలో దొరుకుతూనే ఉంది.

"పూత మీద మందు కొట్టకండి, తప్పకపోతే సాయంత్రం కొట్టండి" అని కరపత్రాల్లో రాస్తారు. మంచి మాటే. కానీ ట్యాంకు వీపున వేసుకునేది మా నాన్నలు, అన్నలు. వాళ్ళు పొద్దున్నే కూలికి పోవాలి. ఈగలు పూల మీద మూగేదీ ఆ వేళే. (పుస్తకాల్లో వాటి పేరు కూడా కూలి ఈగలే!) వేళ నిర్ణయించేది ఆసామి. కాబట్టి ఆ కరపత్రం ముందు ఆసామికి ఇవ్వాలి. సాయంత్రం కొట్టినా పూట కూలి తగ్గించకూడదని ఊళ్ళో మాట అనుకోవాలి.

అసలు మందే లేకుండా పండించిన ఊళ్ళు మన దగ్గరే ఉన్నాయి. నాటి ఖమ్మం జిల్లా పునుకుల, వరంగల్ జిల్లా ఏనబావి 2000 దశకంలోనే ఆ పని చేసి చూపాయి. 5 కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్ల నీటిలో కలిపితే కషాయం సిద్ధం. దాన్ని కూడా ఈగలు ఇల్లు చేరాకే చల్లాలి. ముక్కుకు గుడ్డ కట్టుకొని విషం పీల్చే మనిషికీ దీంతో ఊపిరి దక్కుతుంది.

మన హాస్టల్ వెనక గోడ దగ్గర, చిన్న తరగతుల పిల్లలు తిరగని చోట, దేశీ ఈగల పెట్టె ఒకటి పెట్టాలని మా కోరిక. పక్కన మునగ, తులసి నాటుతాం. పెట్టె ఖర్చుకు తలా కొంత వేసుకుంటాం. ఈగలను పెట్టెలోకి ఎక్కించడం మాత్రం మాకు రాదు. వ్యవసాయ శాఖలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులు ఒక ఆదివారం వచ్చి నేర్పాలని మనవి.