వంశవృక్షంలో అమ్మమ్మ పేరేది?

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ - ఇవన్నీ ఒకప్పటి పల్లెలు. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ ఊళ్ళ పేర్లు కంపెనీల చిరునామాలయ్యాయి. ఆ పొలాల్లో కలుపు తీసి, కోతలు కోసిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడ మిగిలాయి?

తమ కుటుంబ చరిత్ర రాసుకోవాలని ఇప్పుడు చాలామంది యువతీ యువకులు ఉత్సాహపడుతున్నారు. మంచిదే. కానీ వంశవృక్షం గీయడానికి కూర్చోగానే తాత, ముత్తాత, ఆయన తండ్రి - అన్నీ మగవాళ్ళ పేర్లే వస్తాయి. స్త్రీలు 'ఫలానా వారి భార్య', 'ఇద్దరు కూతుళ్ళు' దగ్గరే ఆగిపోతారు. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. కొన్ని ఇళ్ళలో అసలు పేరే మారుతుంది. దీన్ని మరుపు అని సరిపెట్టుకోగలమా? 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో, సొంత పేరు లేకుండా ఫలానా వారి భార్యగా, కూతురుగా మాత్రమే నమోదైన సుమారు 28 లక్షల మంది స్త్రీలను, ఎక్కువగా ఉత్తరాదిలో, ఓటర్ల జాబితాల నుంచి తొలగించారు. పేరు లేనందువల్ల ఓటు పోయింది.

ఆస్తి విషయమూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన సవరణ హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కునిచ్చింది. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన వారిని వదిలేసింది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆనాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలను ఈ చట్టం కదిలించదు. ముస్లిం కుటుంబాల్లో షరియత్ ప్రకారం కూతురికి కొడుకు వాటాలో సగం రావాలి. అంటే పెళ్ళెప్పుడయింది, పంపకమెప్పుడు జరిగింది అనే తేదీలే హక్కును తేలుస్తున్నాయి. ఎకరం కోట్లు పలికే చోట, ఇవేవీ తెలియని ఆడపడుచు చేతిలో పసుపు కుంకుమల కింద కొంత పెట్టి, హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడం ఎంత తేలిక!

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర. ఆమె పుట్టినూరు, పుట్టింటి ఇంటిపేరు, తల్లి పేరు, ఆ తల్లి తల్లి పేరు అడగండి. తేదీలు గుర్తుండకపోవచ్చు. 1948 పోలీసు చర్యకు ముందా తర్వాతా, 1969 ఉద్యమం నాటికి పెద్దపిల్ల ఎంతది అని అడిగితే లెక్క తేలుతుంది. ఆమె మాటల్లోనే రాసుకోండి. ఆ తర్వాతే కాగితాలు: పాత రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, బడి రిజిస్టరు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి, చదవగలిగిన వారి సాయం తీసుకోండి. పహాణీలో పట్టాదారు పేరుతో ఆగకుండా సాగులో ఎవరున్నారో కూడా చూడండి. ఆమె పేరు ఎక్కడా లేకపోతే, లేదన్న సంగతే రాయండి. అదీ చరిత్రే.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'ను వెలువరించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది విని రాసిన పుస్తకమది. అడిగేవారుంటే చెప్పేవారున్నారని అది రుజువు చేసింది. ఆ పని ఇప్పుడు ప్రతి ఇంట్లో జరగాలి. అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నప్పుడే అడుగుదాం. వాళ్ళ పేర్లు రాద్దాం, వాళ్ళ వాటా ఏమైందో కూడా రాద్దాం.