చిన్న కంప్యూటరునకు పెద్ద అలంకారమేల?

మన పాఠశాల కంప్యూటరు గదికి పది చిన్న బోర్డులు వచ్చియున్నవి. గల్ఫు దేశములలో పనిచేయుచున్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతపు పూర్వవిద్యార్థులు కొందఱు చందాలు వేసికొని వీనిని కొని యిచ్చిరి. అరచేతిలో నిముడు నీ బోర్డు పేరు రాస్ప్‌బెర్రీ పై 3. దీనికి గల మెమరీ 1 గిగాబైటు మాత్రమే. దీనిపై నే డెస్క్‌టాపు నుంచవలెనను విషయమున పదవతరగతి బాలురకును నాకును అభిప్రాయభేదము కలిగినది. తలిదండ్రులును వినదగిన మాట గనుక నా పక్షమును ఇచట వ్రాయుచున్నాను.

తెర వెలుగగనే కనబడు మెనూ, అడుగుపట్టీ, కిటికీల చట్రములు, ఫైళ్ళను చూపు సాధనము, ఇవన్నియు వేర్వేఱు ప్రోగ్రాములు. వీని కూటమియే డెస్క్‌టాపు. విండోసుతో వచ్చునది యొక్కటే. లినక్సులో మనకు నచ్చినదానిని ఎన్నుకొనవచ్చును. 1996లో మొదలైన కె.డి.ఇ., 1997లో మొదలైన గ్నోము మిక్కిలి సొగసైనవి. ఎక్స్.ఎఫ్.సి.ఇ. మధ్యరకము. 2006లో వెలువడిన ఎల్.ఎక్స్.డి.ఇ. తేలికైనది, చూచుటకు సాదాగా నుండును. బాలురు కోరునది గ్నోము. నేను కోరునది ఎల్.ఎక్స్.డి.ఇ. వంశమునకు చెందినది.

సిరిసిల్లలో మరమగ్గముల నడుమ పెరిగిన పిల్లలకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. సాదా గుడ్డ నేయు మగ్గముపై జకార్డు నెక్కించినచో బుటాలు వచ్చును, నిజమే. కాని యా బరువును చట్రము మోయవలెను గదా!

దసరా సెలవులకు ముందు, బాలుర కోరిక కాదనలేక, ఒక బోర్డుపై గ్నోమును ఎక్కించితిమి. ఎనిమిదవతరగతి బాలిక యొకతె తన నాయనమ్మ బీడీలు చుట్టుటను గుఱించి రెండు పుటల వ్యాసము టైపు చేసి, ఏదో మాట వెదకుటకై బ్రౌజరును తెఱచినది. అంతట తెర బిగిసిపోయినది. మెమరీ చాలనపుడు యంత్రము మిగిలిన సరకును మెమరీ కార్డుపై దాచుకొని మరల తెచ్చుకొనుచుండును. ఆ కార్డు మిక్కిలి నిదానము. పైపెచ్చు, మాటిమాటికి వ్రాయుటచే త్వరగా అరిగిపోవును. పావుగంట వేచి, తుదకు కరెంటు తీసివేసితిమి. వ్యాసము పోయినది. ఆ పిల్ల యేమియు ననలేదు. ఈ సంచికలో మీరు చదువునది ఆమె రెండవమారు చేతితో వ్రాసినది.

నేర మంతయు గ్నోముదే యనుట న్యాయము కాదు. బ్రౌజరు అంతకంటె పెద్ద తిండిపోతు. అయినను, ఇంటివారే గిన్నె ఖాళీచేసినచో వచ్చిన యతిథికి ఏమి మిగులును? ఈ బోర్డును తయారుచేసినవారు కూడ 2012లో 256 మెగాబైట్ల మొదటి బోర్డు మొదలుకొని ఎల్.ఎక్స్.డి.ఇ.నే నమ్ముకొనిరి, 2016లో వారు పిక్సెల్ అను పేర తెచ్చినది దానినుండి మలచినదే. 2023లో పై 4, పై 5 బోర్డులకు వేఫైర్ అను నూతన సాధనము నిచ్చిరి గాని, మఱుసటి యేడే దానిని మాని, పాత బోర్డులకు సైతము సరిపడు లాబ్‌డబ్ల్యుసి అను తేలికదానిని అన్నిటికి ఒక్కటిగా నిలిపిరి.

తేలికదానిలో తెలుగు సరిగా రాదేమో యని యొక తండ్రిగారు సందేహించిరి. మంచి ప్రశ్న. ఒత్తులను, గుణింతములను కూర్చు పని డెస్క్‌టాపుది కాదు. హార్ఫ్‌బజ్ అను వేఱొక సాధనము చేయును. టైపు చేయుటకు ఐబస్ కలదు. లోహిత్ తెలుగు మొదలగు అక్షరరూపములు ఎందైనను ఒక్కటే. కావున తెలుగునకు నష్టము లేదు. ఉద్యోగములకు విండోసే కావలెను గదా యని మఱియొకరనిరి. మెనూ ఎచట నున్నదో వెదకుకొనుట నేర్చిన పిల్ల దేనినైనను వారము దినములలో పట్టుకొనును. వ్యాసము పోగొట్టుకొన్న పిల్ల మరల యంత్రమువద్దకు వచ్చుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును.

ఒక్క చోట మాత్రము నేను తగ్గెదను. దృష్టి మందగించిన పిల్లలకు తెరపైని యక్షరములను పెద్దవి చేయు ఏర్పాటును, ఓర్కా అను చదివి వినిపించు సాధనమును గ్నోములో చక్కగా అమరియున్నవి. గదిలో 4 గిగాబైట్ల మెమరీ గల బోర్డు ఒకటి వేఱుగ నున్నది. దానిపై గ్నోము నుంచి, వారికే కేటాయింతము.

తక్కిన పదింటిపై తేలికదే యుండవలెనని నా మనవి. బాలురు చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. ఈ బోర్డునకు కార్డు మార్చిన డెస్క్‌టాపు మారును. గ్నోము ఎక్కించిన కార్డు నా మేజా సొరుగులోనే యున్నది. శనివారము మధ్యాహ్నము అడిగి తీసికొనవచ్చును.