అమెరికాలో హాబీ... అమీర్‌పేటలో నామోషీ!

మన సాఫ్ట్‌వేర్ జనాభాకి ఒక విషయంలో రెండు నాలుకలున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాడు శనివారం పూట గ్యారేజీ తలుపెత్తి, ఎవరో ఇల్లు మారుతూ అమ్మేసిన పాత డ్రెస్సర్‌ని ఉప్పుకాగితంతో రుద్ది, స్టెయిన్ పట్టించి ఫోటో పెడితే "కేక అన్నా", "నీలో ఇంత కళ ఉందా" అంటూ లైకుల వర్షం. అదే మనిషి సెలవులకి హైదరాబాదొచ్చి, తాతగారి పడక్కుర్చీని బాల్కనీలో వేసుకుని అదే పని చేస్తే, "ఏం నాయనా, మనిషి దొరకలేదా?" అని అడుగుతారు. పని ఒకటే, చెయ్యి ఒకటే, ఆఖరికి ఉప్పుకాగితం నంబరు కూడా ఒకటే. అక్కడ హాబీ, ఇక్కడ నామోషీ.

నేను కూకట్‌పల్లిలో ఉంటూ ఆరేళ్ళుగా ఈ నామోషీ పని చేస్తున్నాను. సెకండ్ హ్యాండులో కొన్నవీ, చుట్టాలు పారేయబోతుంటే అడ్డుపడి తెచ్చుకున్నవీ కలిపి ఇప్పటికి ఓ రాత బల్ల, రెండు కుర్చీలు, ఓ పుస్తకాల బీరువా, ఓ డైనింగ్ టేబులూ అయ్యాయి. ఈ ఆరేళ్ళలో విన్న పలకరింపులు చూడండి. పై ఫ్లాటాయన: "కార్పెంటర్ నంబరు ఇమ్మంటారా అండీ?" మా అత్తగారు (నాతో కాదు, మా ఆవిడతో): "అబ్బాయి ఉద్యోగానికేం ఢోకా లేదు కదే?" ఊర్నుంచొచ్చిన మా పెద్ద మావయ్య సూటి మనిషి: "ఏరా, నిన్ను ఇంజనీరింగు చదివించింది ఇందుకా?" ఆయన్నేమీ అనను, ఆయన పెరిగిన కాలం అది. కానీ నా పక్క సీట్లో కూర్చునే ముప్పయ్యేళ్ళ కుర్రాడు కూడా "ఎందుకన్నా ఈ గొడవ, ఈఎమ్ఐలో కొత్తది పడెయ్యక" అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఎందుకు చెయ్యరయ్యా అంటే అందరూ చెప్పే మొదటి కారణం టైం లేదని. నిజమా? 2018 ఆగస్టులో ఐకియా వాళ్ళు దేశంలోనే మొదటి షాపు మన హైటెక్ సిటీ దగ్గర తెరిచారు. మొదటి రోజు జనం ఎలా తోసుకున్నారో టీవీలో అందరం చూశాం. అప్పట్నుంచీ మనవాళ్ళు అట్టపెట్టెలు మోసుకొచ్చి, ఆదివారం మధ్యాహ్నం హాల్లో బాసింపట్టేసుకుని కూర్చుని, అలెన్ కీ తిప్పుతూ మూడేసి గంటలు గడుపుతున్నారు. బిగించాక నడుం మీద చేతులేసుకుని ఫోటో కూడా దిగుతున్నారు. ఆ గర్వం మీద నార్టన్, మోకాన్, ఏరియలీ అనే ముగ్గురు 2012లో ఓ పరిశోధన పత్రమే వేశారు: సొంతంగా బిగించుకున్న వస్తువుకి మనిషి ఎక్కువ విలువ కడతాడట. అంటే టైమూ ఉంది, చేతుల్తో ఏదైనా చెయ్యాలన్న దురదా ఉంది. ఎటొచ్చీ ఆ దురద కంపెనీవాడు డబ్బాలో పెట్టి, బొమ్మల కాగితం జతచేసి అమ్మితేనే మనకి మర్యాదగా ఉంటుంది. తాతగారి కుర్చీ డబ్బాలో రాదు కదా!

నేనేమీ ఇంజనీర్డ్ బోర్డుకి పుట్టు శత్రువుని కాదు. గోడకి బిగించిన కిచెన్ అరలకి అది చాలు. కానీ చెక్కపొట్టుని జిగురుతో కలిపి అచ్చొత్తిన బోర్డు అంచుకి నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్ళీ అణగదు. స్క్రూ రెండుసార్లు ఊడదీసి బిగిస్తే రంధ్రం పొడిపొడి అవుతుంది. పైన ఉన్న పల్చటి పొరని రుద్దితే కింద చెక్కే లేదు. టేకు బల్ల అలా కాదు. యాభై ఏళ్ళ మురికిని ఒక మిల్లీమీటరు లోపు గీకేస్తే కింద కొత్త చెక్క ఉంటుంది. జోయెల్ స్పోల్‌స్కీ 2000లోనే నెట్‌స్కేప్‌ని ఉదాహరణగా చూపించి, పనిచేస్తున్న పాత కోడ్‌ని పారేసి మొదట్నుంచి రాయడం ఎంత తెలివితక్కువో రాశాడు. ఆ వ్యాసాన్ని టీమ్ మీటింగుల్లో ఒకరికొకరు పంపుకునేవాళ్ళే సాయంత్రం ఇంటికెళ్ళి, ఊళ్ళో ఇల్లు అమ్మేశాం కాబట్టి ఆ పాత బీరువాని ఎవడికో ఒకడికి ఇచ్చెయ్ నాన్నా అని ఫోన్లో చెప్తారు. ఆ ఎవడో ఒకడు దాన్ని నాలుగొందలకి తీసుకెళ్ళి, పాలిష్ కొట్టి, 'యాంటిక్' అని పేరు పెడతాడు. అదే సరుకుని మనలో ఇంకోడు నలభై వేలకి కొంటాడు.

అసలు కారణం వేరే ఉంది, దాన్నెవరూ పైకి అనరు. మా చుట్టాల్లో ఒకాయన మాత్రం అనేశాడు: "మనింటా వంటా ఉలి పట్టినవాడు లేడు." అదీ సంగతి! కీబోర్డు మీద వేళ్ళాడిస్తే అది చదువు, చెక్క మీద చెయ్యాడిస్తే అది కులవృత్తి. అమెరికాలో చుట్టుపక్కల తెల్లవాళ్ళు చేస్తుంటారు కాబట్టి అక్కడ మన చేతులకి మైల అంటదు కాబోలు. ఓ ఆదివారం నిలువెల్లా చెక్కపొడితో, పాత లుంగీలో, కుర్చీ భుజానేసుకుని మా అపార్ట్‌మెంట్ లిఫ్టెక్కబోయాను. కొత్తగా చేరిన సెక్యూరిటీ కుర్రాడు "ఇది కాదు, అటు సర్వీస్ లిఫ్టులో పో" అన్నాడు. తర్వాత గుర్తుపట్టి "సారీ సార్, మీరనుకోలేదు" అంటూ బిక్కచచ్చిపోయాడు. వాడి తప్పేముంది? పనివాళ్ళు ఏ లిఫ్టెక్కాలో తీర్మానం చేసింది మేమే, అంటే ఎం.టెక్కులూ ఎంబీయేలూ ఉన్న మా అసోసియేషనే. ఓపెన్ సోర్సు గురించీ సమానత్వం గురించీ గంటలు గంటలు మాట్లాడతాం, ఉప్పుకాగితం పట్టినవాడితో కలిసి పదో అంతస్తుదాకా నిలబడలేం.

"నువ్వు చేసుకుంటే పాలిష్‌వాడి పొట్ట కొట్టినట్టు కాదా?" అని అడిగే ధర్మప్రభువులు కూడా ఉన్నారు. ఇదే ధర్మప్రభువు అదే పాలిష్‌వాడితో రోజుకూలీ దగ్గర యాభై రూపాయలకి అరగంట బేరమాడతాడు, గమనించండి. నా కుర్చీల కీళ్ళు వదులైతే బాలానగర్ నుంచి వచ్చే మేస్త్రీనే పిలుస్తాను, ఎందుకంటే అది నాకు చేతకాదు. ఓ కుర్చీ కాళ్ళ సందుల్లో ఉప్పుకాగితం మడిచి రుద్దుతూ రెండు శనివారాలు ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి ఆయన అడిగే రేటు ఎక్కువనిపించదు. ఆయన పొట్ట కొట్టింది నేను కాదు, మనందరం మోజుపడ్డ అట్టపెట్టె.

సరే, ఇప్పుడు రెండో రకం వాళ్ళ దగ్గరికొద్దాం. వీళ్ళకి నామోషీ లేదు, ఉత్సాహం కూడా పుష్కలం. రీల్స్ చూసి, ఆదిలాబాద్ టేకు బీరువా మీద డబ్బాడు తెల్ల చాక్ పెయింట్ కుమ్మరించి, మూలల్లో కావాలని గీకి 'షాబీ షిక్' అంటారు. దండం బాబూ మీకు! రంగు వెయ్యొద్దని కాదు. రంగుకి తగిన చెక్కకి రంగు వెయ్యండి. సన్‌మైకా అంటించిన బల్ల ఉందా, కొద్దిగా గరుకు చేసి, పట్టు ఉండే ప్రైమర్ వేసి, మీ ఇష్టమొచ్చిన రంగు వేసుకోండి, స్టెయిన్ దాని మీద ఎలాగూ పట్టదు. నాలుగు రకాల చెక్కముక్కలు కలిపి, మేకుల గుంటలకి లప్పం పెట్టిన స్టూలుందా, దానికీ రంగే శరణ్యం. అంతేగానీ చక్కటి చారలున్న టేకుని ముసుగేసి కప్పడం దేనికి?

స్టెయిన్ అంటే పల్చటి పెయింట్ అనుకునేవాళ్ళు ఇంకొందరు. పెయింట్ చెక్క మీద పొరలా కూర్చుంటుంది, స్టెయిన్ చెక్కలోకి ఇంకుతుంది. అంచేత పాత వార్నిష్ ఎక్కడ మిగిలిపోతే అక్కడ ఇంకదు, మచ్చలు తేలతాయి. మా డైనింగ్ టేబుల్ రబ్బర్ వుడ్‌ది. పుట్టుకతో తెల్లగా ఉంటుంది పాపం, వాల్‌నట్ రంగు స్ప్రే కొట్టి అమ్ముతారు. దాన్ని 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, ఆఖర్న 220 దాకా చారల వెంబడే రుద్ది, దుమ్ము తుడిచి, స్టెయిన్ గుడ్డతో రాసి, ఐదు నిమిషాలాగి తుడిచేశాను. తుడిచెయ్యడమే అందులో సగం పని. రాసి వదిలేస్తే జిడ్డుగా మిగులుతుంది. చెక్క కోసిన అంచులు రెట్టింపు తాగి నల్లబడతాయి కాబట్టి వాటిని ఇంకాస్త నున్నగా రుద్దుకోవాలి. టేకుకైతే అసలు స్టెయిన్ అక్కర్లేదు. దాని రంగు దానికుంది, పైగా దానిలో సహజంగా నూనె ఉంటుంది. పాలిష్‌కి ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిస్తే పట్టు బాగా వస్తుంది.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పనొకటుంది, దాన్ని ఎవరూ చెయ్యరు. వస్తువు వెనకాల, కనపడని చోట, దూదితో ఓ చుక్క స్పిరిట్ అద్ది చూడండి. మెత్తబడి జిగటగా అయితే అది లక్క పాలిష్. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ లక్కే, పాత కుర్చీల మీద మెరిసేదీ లక్కే. అలా తేలిందంటే మీ అదృష్టం పండినట్టే, ఉప్పుకాగితం కూడా పెద్దగా అక్కర్లేదు. స్పిరిట్‌లో తడిపిన స్టీల్ ఉలుతో మెల్లగా రుద్దితే పాత పొర కరిగి వస్తుంది. తర్వాత లక్క రేకుల్ని రాత్రంతా స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, దూది మీద గుడ్డ చుట్టిన ముడితో పల్చగా పది పన్నెండు పూతలు. మా రాత బల్లకి ఇలాగే చేశాను. స్పిరిటూ లక్కా కలిపి ఒక పెద్ద పిజ్జా ఖర్చు కూడా కాలేదు. అయితే వానాకాలంలో మొదలెట్టకండి, గాలిలో తేమకి పాలిష్ తెల్లగా పాలిపోతుంది. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్ల ఉంగరం పడుతుంది. విస్కీ ఒలికితే... పాలిష్ కరిగేదే ఆల్కహాలులో కదా, ఇక మీరే ఊహించుకోండి. భోజనాల బల్లకి పీయూ వేసుకోండి, పుస్తకాల బీరువాకి లక్కకి మించింది లేదు.

ఇక ఆ వీడియోల మీద నాకున్న అసలు కోపం. ఆకుపచ్చ రంగేసిన పాత పిల్లల మంచాన్ని హాల్లోనే మిషన్‌తో గీకేస్తూ, పక్కన పిల్లల్ని ఆడిస్తూ తీస్తారు! పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో దాన్ని 1978లోనే కట్టడి చేశారు. మన దేశంలో రూల్స్ వచ్చింది 2016లో. 90 పీపీఎం దాటి సీసం ఉన్న ఇంటి రంగులు తయారు చెయ్యకూడదన్నది అమలయింది 2017 నవంబరు నుంచి. అంటే మీరు కొన్న పాత రంగుల మంచం ఏ కాలందో తెలీకపోతే అందులో సీసం ఉందనే అనుకోవాలి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము నేల మీదా, పాకే పిల్లల చేతుల మీదా ఉంటుంది. పసిపిల్లల మెదడుకి సీసం చేసే చేటు మళ్ళీ సరిచెయ్యగలిగేది కాదు. అలాంటిది చేతికొస్తే గీకకండి. పెచ్చులూడకుండా ఉంటే పైనుంచి ఇంకో పూత వేసి, పిల్లలు నాకని, కొరకని చోట వాడుకోండి. పెచ్చులూడుతుంటే కొనకండి, ఎంత చవకైనా సరే.

నూనె గుడ్డల సంగతీ అంతే. అవిసె నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తే ఆ వేడి బయటకి పోలేక దానంతటదే అంటుకుంటుంది. ఫిలడెల్ఫియాలో 1991 ఫిబ్రవరిలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. చెక్క పని చేసినవాళ్ళు వదిలేసిన అవిసె నూనె గుడ్డల వల్లే అది మొదలైంది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. మా మేస్త్రీకి ఆ భవనం పేరు తెలీదు గానీ, నూనె గుడ్డ వాడగానే విప్పి, విడిగా తీగ మీద ఆరేస్తాడు. ఎందుకలా అంటే "కాలుద్ది సార్, మా అయ్య చెప్పాడు" అన్నాడు. రీల్స్ చేసే మన పట్టభద్రులు ఒక్కరైనా ఈ ముక్క చెప్పగా నేను చూడలేదు.

మా అసోసియేషన్ మీటింగు వచ్చే నెల. లిఫ్టు తీర్మానం ఎత్తెయ్యమని రాసిచ్చాను. ఇప్పటికి నాతో కలిపి నలుగురు సంతకం పెట్టారు. ఫ్లాట్లు నూట ఇరవై.