పాసైతే చాలనే నీతి

ఇంటర్ ఫస్టియర్ పిల్లలు పబ్లిక్ పరీక్షలకు ముందే రాసే పేపరొకటి ఉంది. ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్. తప్పకుండా పాసవ్వాలి, మార్కులు మాత్రం మొత్తంలో కలవవు. పుంగనూరులోనో, మదనపల్లెలోనో, కుప్పంలోనో ఏ జూనియర్ కాలేజీ గేటు దగ్గరైనా నిలబడి ఈ పేపరుకు ఎలా చదివారని అడిగి చూడండి. నవ్వుతారు. ముందురోజు రాత్రి గైడు తిరగేయడమే చదువు. నిజాయితీ మీద నాలుగు పాయింట్లు, పెద్దల పట్ల గౌరవం మీద నాలుగు పాయింట్లు బట్టీ కొట్టి రాసొస్తారు. పిల్లల్ని తప్పుపట్టలేం. నీతి లెక్కలోకి రాదని వాళ్లకు చెప్పింది బోర్డే కదా.

పదహారు, పదిహేడేళ్లంటే ఇంట్లో దేవుడి పటం ముందు నిలబడ్డప్పుడు మొదటిసారి అనుమానం వచ్చే వయసు. కులం ఎందుకు, పెళ్లి ఎవరిష్టం, చనిపోయాక ఏమవుతుంది, అబద్ధమాడితే ఎవరికి నష్టం? ఇవన్నీ అప్పుడే బుర్రను తొలుస్తాయి. సరిగ్గా ఆ రెండేళ్లూ మనం వాళ్లను పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఎంపీసీ, బైపీసీలకు కట్టేస్తాం. అడగడానికి క్లాసు లేకపోతే ప్రశ్న వాట్సాప్‌కు పోతుంది. జవాబు చెప్పేవాళ్లు అక్కడ ఇరవై నాలుగ్గంటలూ సిద్ధంగా ఉంటారు. 2021 జనవరిలో మదనపల్లెలో, పెద్ద చదువులు చదివిన ఇంట్లోనే కూతుళ్లిద్దరూ హత్యకు గురైన ఘోరం ఈ వైపు ఎవరూ మరచిపోలేదు. దాని కారణాలు తేల్చాల్సింది డాక్టర్లూ కోర్టులూ. డిగ్రీలుంటే మూఢనమ్మకం దగ్గరికి రాదన్న ధీమా మాత్రం ఆనాడే పోయింది.

ఇదంతా ఏ గడ్డ మీద జరుగుతోందో చూడండి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలోనే. తనను జగద్గురువును చేయడానికి పెట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేసిన మనిషి ఆయన. అనీబిసెంట్ పేరున్న కాలేజీ 1915లో ఇక్కడే మొదలైంది. 1919లో టాగోర్ వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిందీ అక్కడే. పక్కనున్న రిషివ్యాలీలో పిల్లలూ ఉపాధ్యాయులూ కలిసి కూర్చుని భయం గురించి, పోటీ గురించి మాట్లాడుకోవడం చదువులో భాగం. ఆ సంస్థ చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం చిన్న బడులు కూడా నడుపుతోంది, కాదనను. కానీ టౌన్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీకి బస్సులో వచ్చి పోయే అమ్మాయికి ఆ మాటామంతీ అందడం లేదు.

తరిగొండ వెంగమాంబ సంగతి ఇంకా విచిత్రం. పద్దెనిమిదో శతాబ్దంలో వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టి, వైధవ్యపు ఆచారాలకు తల వంచనని నిలబడి, యోగం మీదా వేదాంతం మీదా తెలుగులో రచనలు చేసిన స్త్రీ. మా పిల్లలకు ఆమె పేరు బాగానే తెలుసు, తిరుమలలో భోజనం చేసే భవనం పేరుగా. ఆమె వాసిష్ఠ రామాయణం రాసిందనీ, ఈ కనిపించే జగత్తు నిజమా కాదా అన్న చర్చ అందులో ఉందనీ చెప్పే పీరియడ్ మన టైంటేబుల్లో లేదు.

మతాన్ని క్లాసులోకి తెస్తే గొడవలొస్తాయని కొందరి వాదన. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మంచిదే, అలాగే ఉండాలి. అయితే మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చదవడం వేరని 1964-66 నాటి కొఠారి కమిషన్ విడమరచి చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించిన చదువు రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. చట్టం అడ్డు కాదు. నా భయమల్లా పుస్తకం ఎవరు రాస్తారన్నదే. అధికారంలో ఎవరుంటే వాళ్ల దేవుడూ, వాళ్ల నాయకుడూ పేజీల్లోకెక్కి కూర్చుంటారు. అందుకే పాఠ్యపుస్తకం కన్నా ప్రశ్నపత్రం మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఫ్రాన్స్‌లో జనరల్ బాకలోరియా చదివే పిల్లలంతా, సైన్సు వాళ్లతో సహా, బడి చివరి ఏడాది ఫిలాసఫీ పరీక్ష రాస్తారు. నాలుగు గంటల పేపరు. ఒక ప్రశ్న పట్టుకుని అటూ ఇటూ వాదించి, చివరికి తన మాటేమిటో చెప్పాలి. అలాంటి ప్రశ్నలకు మనకు కరువా? మదనపల్లె టమాటా మార్కెట్లో ఒక్క తెల్లవారుజాము చాలు. రేపు ధర పెరుగుతుందని మండీ యజమానికి కబురొచ్చింది. ఎదురుగా రైతు ఈరోజే అమ్మేస్తానంటున్నాడు. చెప్పాలా, అక్కర్లేదా? ధర పడిపోయి పంటను రోడ్డు మీద పారబోసుకున్న రైతు, కూలీలకిచ్చిన మాట నిలబెట్టుకోవాలా? ఇక్కడ మొదలుపెట్టండి. లాభం గురించి ఇస్లాం ఏమంటుంది, పొరుగువాడి గురించి బైబిలు ఏమంటుంది, కర్తవ్యం గురించి గీత ఏమంటుంది, సృష్టికర్త ఊసే లేకుండా బౌద్ధం ఏమంటుంది, అసలు దేవుడే వద్దన్న మన గోరా ఏమంటాడు, అన్నీ ఆ చర్చలోకి నడిచి వస్తాయి. ఒకే బెంచీ మీద కూర్చున్న సలీం ఉపవాసం ఎందుకుంటాడో సతీష్‌కు తెలియడానికి వేరే పాఠం అక్కర్లేదు.

ఉద్యోగానికి పనికొస్తుందా అని అడిగే తల్లిదండ్రులకు ఒక సమాచారం. 2013 నుంచి సివిల్స్ మెయిన్స్‌లో ఎథిక్స్‌కు 250 మార్కుల పేపరుంది. ఇంటర్లో లెక్కలోకి రాని నీతి కోసం మన పిల్లలే తర్వాత హైదరాబాద్ అశోక్‌నగర్లో ఫీజు కట్టి కోచింగ్ తీసుకుంటున్నారు. ఇంటర్ పరీక్షల టైంటేబుల్లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పక్కన, వాదించడం నేర్పే ‘లాజిక్’ అన్న పేపరు కూడా ఏళ్ల తరబడి కనిపిస్తూ వచ్చింది. అది చదివానన్న కుర్రాడు పుంగనూరు, మదనపల్లె, కుప్పంలలో నాకింతవరకు తారసపడలేదు.

ఇంటర్ బోర్డుకు నా విన్నపం ఒకటే. ఎథిక్స్ మార్కులను మొత్తంలో కలపండి. పాయింట్ల ప్రశ్నలు తీసేసి వాదన రాయించండి. దిద్దడానికి తెలుగు, చరిత్ర అధ్యాపకులకు వేసవిలో శిక్షణ ఇవ్వండి. అది కుదరదంటే ఆ పేపరునే ఎత్తేయండి, పిల్లలకు ఒక రాత్రి నిద్రైనా మిగులుతుంది.