హెచ్‌ఆర్ చేటలో గింజలెవరు, తాలెవరు?

ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్లు కావాలని మనం ఏళ్ళ తరబడి అడుగుతున్నాం. అడగాల్సిందే. అయితే ఆ కంపెనీల్లో ఉద్యోగం ఇచ్చే చెయ్యేది, ఊడబెరికే చెయ్యేది అన్న సంగతి మాత్రం మనం పట్టించుకోలేదు. ఆ చెయ్యి పేరే హెచ్‌ఆర్. హ్యూమన్ రిసోర్సెస్. తెలుగులో మానవ వనరుల విభాగం.

పేరులోనే ఉంది మర్మం. బొగ్గు వనరు, నీరు వనరు, ఇసుక వనరు. వనరును ఏం చేస్తారు? తవ్వుకుంటారు, వాడుకుంటారు, అయిపోతే వదిలేస్తారు. మనిషినీ ఆ వరసలోనే నిలబెట్టారు. మా చదువుల శాఖనూ వదల్లేదు. 1985లో కేంద్రంలో విద్యాశాఖను మానవ వనరుల అభివృద్ధి శాఖ చేశారు. 2020లో మళ్ళీ విద్యాశాఖ అన్నారు. కంపెనీల్లో మాత్రం ఆ పేరు పాతుకుపోయింది.

మొదట్లో ఇట్లా లేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేద్కరే. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని అన్న సవరణ 1946లో వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలంది. జీతం యజమానే ఇచ్చినా ఆయన చేయాల్సిన పనులేంటో ప్రభుత్వం రాసిపెట్టింది. కాగితం మీదైనా సరే, కూలివాడి గోడు వినడానికి ఒక మనిషున్నాడు. తర్వాత ఆ కుర్చీలోకి పర్సనెల్ మేనేజరు వచ్చాడు. హాజరు, జీతం, యూనియన్‌తో బేరం ఆయన పని. 1990ల నుంచి అది హెచ్‌ఆర్ అయింది. కుర్చీ జరిగి జరిగి యజమాని పక్కకు చేరింది. 2025 నవంబరు 21 నుంచి 1948 చట్టం పోయి కొత్త కోడ్ వచ్చింది. అందులోనూ వెల్ఫేర్ ఆఫీసరున్నాడు, కానీ ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకే. మన పిల్లలు పోతున్న మాల్స్‌కూ కాల్ సెంటర్లకూ కాదు.

ఇప్పుడు హెచ్‌ఆర్ చేతిలో ఉన్నది చేట. గింజ ఏదో తాలు ఏదో వాళ్ళే తేలుస్తారు. మా బడిలో చదివి డిగ్రీ చేసిన పిల్లలు పట్నంలో ఇంటర్వ్యూకి పోయొచ్చి చెప్పేది ఒకటే: చదివిన దాని మీద రెండు ప్రశ్నలు, ఇంటి మీద పది. ఇంటిపేరేంటి? నాన్నేం చేస్తారు? ఊళ్ళో ఎటువైపు ఉంటారు? "సార్, నాన్న పాలేరని చెప్పాలా, వ్యవసాయమని చెప్పాలా?" అని నన్నే అడుగుతారు.

ఇది మన పిల్లల అపోహ కాదు. సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ అనే పరిశోధకులు ఢిల్లీలో 25 పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి 2007లో అచ్చేశారు. కులం చూడం, ప్రతిభే చూస్తామన్నది వాళ్ళ పాట. కుటుంబ నేపథ్యం మాత్రం దాదాపు అందరూ అడుగుతామన్నారు. అదే ఏడు సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఇంకో సంగతి బయటపెట్టారు. ఒకే చదువు, ఒకే అర్హతలు, పేర్లు మాత్రం వేరుగా పెట్టి కంపెనీలకు దరఖాస్తులు పంపారు. పై కులం పేరుతో పోల్చితే దళితుడి పేరుకు పిలుపొచ్చే అవకాశం దాదాపు మూడో వంతు తక్కువని తేలింది. ఇంటర్వ్యూ దాకా పోకముందే ఇది! మరి ప్రతిభను ఎక్కడ చూశారు? పేరులోనా?

ఇక ఇదే ఆఫీసుల్లో ఊడ్చేది, దొడ్లు కడిగేది ఎవరు? ఎక్కువమంది మనోళ్ళే. వాళ్ళ పేర్లు హెచ్‌ఆర్ రిజిస్టర్‌లో ఉండవు, ఏజెన్సీ రిజిస్టర్‌లో ఉంటాయి. జీతం రాలేదని పోతే "మీ కాంట్రాక్టరును అడుగు" అంటారు. కాంట్రాక్టరేమో "కంపెనీ బిల్లు రాలేదు" అంటాడు. సంఘాల కార్యకర్తలు ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఇవ్వాల్సింది అసలు యజమానే. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం ఆ మాటే చెప్పింది, కొత్త కోడ్ కూడా చెబుతోంది. కాకపోతే పాత కేంద్ర చట్టం 20 మందికి వర్తిస్తే కొత్తది 50కి పెంచింది. 49 మందిని పెట్టుకునే వాళ్ళకు దారి తెరిచింది.

హెచ్‌ఆర్‌లో కూర్చున్న అమ్మాయో అబ్బాయో మన శత్రువులు కారు. వాళ్ళూ జీతగాళ్ళే. వాళ్ళ చేతికి ఆ చేటనిచ్చిన పద్ధతితోనే మన కొట్లాట. 2006లో పరిశ్రమల సంఘాలు చట్టమొద్దు, మాకు మేమే చేస్తామని స్వచ్ఛంద నియమావళి రాసుకున్నాయి. స్వచ్ఛందంగా భూమి ఇచ్చిన దొరలెందరో, ఉద్యోగాలిచ్చే కంపెనీలూ అన్నే.

కాబట్టి రిజర్వేషన్ల డిమాండ్ పక్కనే ఇవీ పెట్టాలి. ప్రతి పెద్ద కంపెనీ ఏ హోదాలో ఏ కులంవాళ్ళు ఎందరో ఏటా అచ్చేయాలి. ఊడ్చేవాళ్ళను కూడా కలిపి. ఇంటర్వ్యూలో తండ్రి పని, ఊరి దిక్కు అడగడం నిషేధించాలి. 2013 చట్టం కింద 10 మంది పనిచేసే చోట ఆడవాళ్ళ ఫిర్యాదులకు కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులుండాలి. కుల వివక్షకూ అట్లాంటి కమిటీయే కావాలి. హెచ్‌ఆర్ మీద ఫిర్యాదును హెచ్‌ఆరే విచారిస్తే దొంగకు తాళం చెవులిచ్చినట్టే.

అంతదాకా మన పని మనం చేద్దాం. ఊరూరా ఏజెన్సీల కింద పనిచేసేవాళ్ళ పట్టిక రాయండి. కంపెనీ పేరు, ఏజెన్సీ పేరు, ఎన్ని నెలల జీతం బాకీ అన్నీ రాయండి. ఒక్కరు కాదు, పదిమంది కలిసి అసలు యజమాని గేటు దగ్గరికే పోండి. కాగితం ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

పిల్లలకు ఒక్క మాట. నాన్న పాలేరైతే పాలేరనే చెప్పండి. తల దించుకోవాల్సింది అడిగినవాడు.

జై భీమ్!