మాక్బెత్ దంపతులు

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణతీరాన గల సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక కొయ్యవిగ్రహం ఉన్నది. అది 19వ శతాబ్దపు ఐరోపా శిల్పం. ఒకే దుంగలో ముందువైపున తలయెత్తి నిలిచిన మెఫిస్టాఫిలిస్, వెనుకవైపున తలవంచుకొన్న మార్గరెట్టా. గేథే విషాదనాటకం ‘ఫౌస్ట్’లోని పాత్రలు వీరు. వెనుక నిలిపిన అద్దంలో ఆమె రూపం కనబడుతుంది. చూడవచ్చిన బాలబాలికలకు మంచిచెడ్డలు ఒకే మ్రానులో ఇమిడి ఉండవచ్చునని ఆ శిల్పం చెప్పకయే చెబుతుంది.

షేక్స్పియర్ ‘మాక్బెత్’ను పాఠం చెప్పేటప్పుడు ఆ నాటకంలోని దంపతులను కూడ చాలమంది ఇట్టి రెండు ముఖాలుగానే చూపుతారు. భర్త స్వభావతః వీరుడు, మెత్తని మనసు కలవాడు. భార్య అతనిని చెరిచిన రాక్షసి. పరీక్షలో వ్రాయడానికి ఇది సులువైన సమాధానమే. కాని నాటకం ఇందుకు సాక్ష్యమీయదు. శిల్పంలోని ముఖాలు కదలవు. నాటకంలోని ముఖాలు ఒకదాని చోటికి మరొకటి జరుగుతాయి. విషాదమంతా ఆ జరుగుబాటులోనే ఉన్నది.

హత్య తలపు మొదట ఎవరికి పుట్టినది? మంత్రగత్తెల జోస్యం విన్న క్షణంలోనే, భార్య ముఖం చూడకముందే, మాక్బెత్ మనసులో ఆ ఊహ మెదలినది. దానికి అతడే భీతిల్లినాడు. భార్య ఆ నిప్పును రాజేసిన మాట నిజమే. నిప్పు మాత్రం అతనిదే. ఇక ఆమె? తనలోని స్త్రీసహజమైన జాలిని తొలగించుమని భూతశక్తులను వేడుకొన్నది. క్రూరత్వం పుట్టుకతో ఉన్నవారికి దానిని అరువు తెచ్చుకోవలసిన పని ఏమున్నది? నిద్రలో ఉన్న డంకన్ తన తండ్రివలె కనబడినందున ఆమె చేయి ఆడలేదు.

కథకు మూలమైన హాలిన్‌షెడ్ చరిత్రగ్రంథంలో రాజహత్యకు బాంకో కూడ తోడుపడినాడు. షేక్స్పియర్ బాంకోను ఆ పాపం నుండి తప్పించి, భార్యను ఏకైక భాగస్వామినిగా నిలిపినాడు. రాజద్రోహపు కథ ఆ విధంగా దాంపత్యపు కథ కూడ అయినది.

మన విద్యార్థులు ఆమెను కైకతో పోల్చడం కద్దు. పోలిక కొంతదూరమే సాగుతుంది. కైక తన కొడుకు కొరకు కోరినది. ఈమె భర్త కొరకు. దశరథుడు తాను కోరనిదానికి వరాలవలన కట్టుబడినాడు. మాక్బెత్ ఏ మాటకూ కట్టుబడక, తాను కోరినదానికే తలయొగ్గినాడు. భార్యను సహధర్మచారిణి అంటాము. ఆ సమాసం నడుమనున్న ధర్మశబ్దాన్ని తొలగించి ఈ దంపతులు కలిసి నడువబూనినారు.

ఎంతదూరం నడిచినారు? హత్య జరిగిన రాత్రి, సముద్రమంతా కడిగినా తన చేతి నెత్తురు పోదని అతడు వణికినాడు. కొంచెం నీరు చాలునని ఆమె ధైర్యం చెప్పినది. తరువాత అతడు వణకడం మానినాడు. బాంకో హత్యను భార్యకు చెప్పకయే తలపెట్టినాడు. తెలియకుండుటే నీకు మేలు అన్న ధోరణిలో మాట దాటవేసినాడు. తన వైభవంలో పాలుపంచుకొమ్మని మొదట జాబు వ్రాసిన భర్త ఇతడే! విందులో బాంకో ప్రేతం కనబడిన ఘట్టం తరువాత ఆ ఇద్దరూ రంగస్థలంమీద మరి కలిసి కనబడరు. మాక్‌డఫ్ భార్యాబిడ్డలను అతడు ఒంటరి నిర్ణయంతోనే చంపించినాడు. ఆమెయో, ప్రక్కన దీపం లేనిదే ఉండలేక, నిద్రలో నడుస్తూ, ఆ ఇల్లాలు ఏమైనదని అడుగుతూ, చేతులు కడుగుకొంటూనే ఉన్నది. అతని తొలినాటి భయం ఆమెకు సంక్రమించినది; ఆమె తొలినాటి కాఠిన్యం అతనికి మిగిలినది. చివరకు ఆమె మరణవార్త వచ్చినప్పుడు కంటతడి పెట్టడానికి కూడ అతనిలో ఏమీ మిగలలేదు.

వీరు ప్రేమలేని దంపతులు కారు. ఒకరి కోరికను మరొకరు నోటిమాట లేకుండనే గ్రహించగలిగినవారు. ఆ అన్యోన్యతలో ‘వద్దు’ అనే మాటకు చోటు లేకపోవడమే వారి వినాశహేతువు. ఒక్కసారి అతడు వద్దన్నాడు. అది పిరికితనమని ఆమె ఎత్తిపొడిచినది. ఆ తరువాత వద్దనగల అవకాశమే ఆమెకు అతడు ఈయలేదు.

కనుక తరగతిలో, ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ పాపులని అడుగడం కంటె, వారు ఏ ఘట్టంలో ఒకరితో ఒకరు మనసు విప్పడం మానినారో వెదకుమనడం మేలు. వెదకిన విద్యార్థికి నాటకమూ బోధపడుతుంది. నచ్చిన మనిషికి సమయానికి అడ్డుచెప్పడం కూడ ప్రేమలో భాగమేనని తెలిసివస్తుంది.